పంచాంగం, బడి గంట, మెమరీ కార్డు

శ్రోతలందరికీ నమస్కారం.

మా ఇంట్లో గోడకు రెండు క్యాలెండర్లు పక్కపక్కనే వేలాడుతుంటాయి. ఒకటి పంచాంగం క్యాలెండరు. నేను ఒప్పుకున్న పెళ్లిళ్ల తేదీలకు అందులో ఎర్ర సిరాతో సున్నాలు చుడతాను. రెండోది మా పాప బడివాళ్లు ఇచ్చింది. సెలవులు, పరీక్షలు, బాబు టీకాలు అందులో ఉంటాయి. తెనాలిలో పదకొండేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పాపకు ఆరేళ్లు, బాబుకు మూడు నిండాయి. మావారు బస్సు డ్రైవరు. వారంలో రెండు మూడు రాత్రులు ఆయన కూడా ఇంట్లో ఉండరు. అందుకని ఎవరికి మాట ఇవ్వాలన్నా ముందు ఆ గోడ దగ్గరికి వెళ్లి నిలబడాలి.

పెళ్లి ఫొటోల పని ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, పుష్యంలో లేవు. గురు మౌఢ్యమో శుక్ర మౌఢ్యమో వచ్చిందంటే వారాల తరబడి కెమెరా సంచి భుజానికి ఎక్కదు. మంచి రోజులు రాగానే ఒకే తేదీకి నాలుగిళ్ల నుంచి పిలుపు. బడులు తెరిచిన కొన్నాళ్లకే ఆషాఢం వస్తుంది కాబట్టి పాప పుస్తకాలకు అట్టలు వేసే భాగ్యం నాదే. సంక్రాంతి సాధారణంగా పుష్యంలోనే పడుతుంది, ఆ సెలవులు పూర్తిగా పిల్లలవి. వేసవిలోనే లెక్క తిరగబడుతుంది. బడి లేక పిల్లలు పొద్దస్తమానం ఇంట్లో ఉండే వైశాఖ జ్యేష్ఠాల్లోనే నాకు ఊపిరి సలపనన్ని ముహూర్తాలు. ఈ ఒక్క సంగతి ముందుగా గ్రహించి ఉంటే మొదటి మూడేళ్లు అంత ఏడ్చేదాన్ని కాదు. ఇప్పుడు వేసవిలో వారానికి రెండు పెళ్లిళ్లకు మించి ఒప్పుకోను. తగ్గిన ఆదాయాన్ని ఏడాది మొదట్లోనే లెక్కలో రాసుకుంటాను.

కెమెరా పట్టుకునేది ఒక రాత్రి. దాని వెనక పని నెల రోజులు. ఒక పెళ్లికి మూడు నాలుగు వేల ఫొటోలు వస్తాయి. వాటిని ఏరాలి, రంగులు సరిచేయాలి, ఆల్బమ్ పేజీలు కూర్చాలి, ల్యాబుకు పంపాలి. ఈ పనిని గంటల చొప్పున పంచుకుందామని చాలాకాలం తంటాలు పడ్డాను. పిల్లలున్న ఇంట్లో గంట అనేది మన చేతిలో ఉండదు. చివరికి ఒక ప్రశ్న నన్ను ఒడ్డున పడేసింది. ఈ పని మధ్యలో వదిలి లేవచ్చా, లేవకూడదా? పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించడం, ల్యాబుకు ఫైళ్లు పంపడం, బిల్లులు రాయడం వదిలి లేవదగ్గవి. బాబు ఒళ్లో కూర్చున్నా సాగుతాయి. ఫొటోలు ఏరడం అలాంటిది కాదు. పెళ్లికూతురి ముఖం నాలుగు వందలసార్లు కనిపిస్తుంది, అందులో ఆమె తనను తాను మరచిపోయిన క్షణం ఏదో పట్టుకోవాలి. అందుకే బాబు అంగన్‌వాడీలో ఉండే ఆ మూడు గంటలూ ఏరడానికే. ఆ వేళలో ఫోను కూడా ఎత్తను.

వదిలి లేవకూడని పనుల్లో మొదటిది కెమెరా మెమరీ కార్డుల్లోని ఫొటోలు కాపీ చేయడం. అది నాకు మా పాప నేర్పింది. దానికి నాలుగేళ్లప్పుడు ఒక పెళ్లి నుంచి తెల్లవారుజామున ఐదింటికి ఇంటికి వచ్చాను. కార్డులున్న చిన్న సంచి బల్ల మీద పెట్టానో లేదో బాబు గుక్కపట్టి ఏడ్చాడు. పాలిస్తూ అలాగే నిద్రపోయాను. లేచి చూస్తే నాలుగు కార్డులకు మూడే ఉన్నాయి. లేనిది జీలకర్ర బెల్లం, తలంబ్రాలు ఉన్న కార్డు. అప్పట్లో నా కెమెరాలో కార్డుకు ఒకటే గూడు, రెండో ప్రతి లేదు. పరుపులు దులిపాం, చెత్తబుట్ట తిరగేశాం. అత్తయ్యగారు పప్పుల డబ్బాలన్నీ చేటలో పోసి చూశారు. మళ్లీ పడుకున్న పాప పదకొండు గంటలకు లేచి, మేం ఎందుకు వెతుకుతున్నామో విని, తన మట్టి హుండీ తెచ్చి నా ముందు పెట్టింది. "ఇది డబ్బుకన్నా జాగ్రత్తగా ఉండాలన్నావుగా అమ్మా, అందుకే దాచాను" అంది. హుండీ పగలగొట్టాం. రూపాయి బిళ్లల మధ్య నల్లగా, గీత కూడా పడకుండా ఉంది. పాపను గుండెకు హత్తుకున్నాను. హుండీ పగిలినందుకు అది ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను.

ఆ రోజు నుంచి ఎంత నిద్ర ముంచుకొచ్చినా కార్డులు రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కేదాకా నడుం వాల్చను. ఒక డిస్కు ఇంట్లో, రెండోది స్టూడియోలో. ఎంత ఖర్చయినా రెండు కార్డులు పట్టే కెమెరా కొన్నాను.

బాబు పుట్టిన నాలుగో నెలలోనే పనిలోకి వెళ్లాను. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లోని ఉద్యోగినులకు మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చారు. సొంతంగా స్టూడియో పెట్టుకున్న ఆడమనిషికి అది అందదు. అడ్వాన్సు పుచ్చుకున్న తేదీకి వెళ్లి తీరాలి. ఆ పెళ్లికి బిడ్డతో అత్తయ్యగారు కూడా వచ్చారు. కాశీయాత్ర అయ్యాక కల్యాణ మండపం మెట్ల మీద బాబు ఏడుపు విని పెళ్లికూతురి అమ్మమ్మగారు తన గది తాళం తీసి, "ముందు బిడ్డకు పాలిచ్చి రా తల్లీ, ముహూర్తానికి ఇంకా గంటన్నర ఉంది" అన్నారు. ఆ గదిలో కర్పూరం, కొత్త చీరల వాసన ఇప్పటికీ గుర్తుంది.

అలాంటి దయ దొరికిన రోజున మాత్రమే సాగే వృత్తి కాకూడదని నా బాధ. 1892లోనే హైదరాబాదులో ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ పరదా చాటున ఉండే ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో, అంటే ఆడవాళ్ల స్టూడియో తెరిచి, ఫొటోలు తీయడానికి ఒక మహిళను పెట్టారు. ఇప్పుడూ ఎన్నో ఇళ్లలో మంగళస్నానానికి, ఓణీల వేడుకకు ఆడమనిషే ఫొటోలు తీయాలంటారు. అడిగేవాళ్లున్నారు. కానీ నాతో పాటు పని నేర్చుకున్న ఇద్దరు అమ్మాయిలు బిడ్డలు పుట్టగానే కెమెరాలు అమ్మేశారు. వాళ్ల పనితనం నాకు తెలుసు, అందుకే మనసు కలుక్కుమంటుంది.

అమెరికాలో ఇమోజెన్ కనింగ్‌హామ్ అనే ఫొటోగ్రాఫరు ఉండేవారు. 1915లో మొదటి కొడుకు, 1917లో కవలలు. ముగ్గురు పసివాళ్లతో ఇల్లు కదలలేని రోజుల్లో పెరట్లోని మొక్కల వైపు కెమెరా తిప్పారు. 1925 నాటి ఆమె మాగ్నోలియా పువ్వు చిత్రాన్ని ప్రపంచం నేటికీ చూస్తోంది. ఆ పువ్వును చూసినప్పుడల్లా, పక్క గదిలో పిల్లలు నిద్రపోతున్న ఇంటి నిశ్శబ్దం నాకు వినిపిస్తుంది.

ఇప్పుడు అడ్వాన్సు తీసుకునేటప్పుడే చెప్పేస్తాను. ఆల్బమ్ 60 రోజులకు ఇస్తాను, ముందు అడగవద్దు. నాకు చిన్నపిల్లలున్నారు, సాయంత్రం ఆరు దాటితే ఫోను ఎత్తను. ఇదివరకు పిల్లల మాట దాచి ముప్పై రోజులని చెప్పి, రోజూ సంజాయిషీ ఇచ్చుకునేదాన్ని. నిజం చెప్పాక లేచి వెళ్లిపోయినవాళ్లు కొందరున్నారు. ఉన్నవాళ్లు మాత్రం తమ రెండో అమ్మాయి పెళ్లికి కూడా నన్నే పిలుస్తున్నారు.

ఈ రాత్రి 2 గంటల 16 నిమిషాలకు ఒక ముహూర్తం ఉంది. మావారు సెలవు పెట్టారు. పాప పొద్దున నేను వచ్చేసరికి లేచి, తలుపు దగ్గర చేయి చాపి నిలబడుతుంది. నేను ఒక్కొక్క కార్డూ దాని అరచేతిలో పెడితే, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి డబ్బాలో వేసి మూత బిగిస్తుంది. ఆ తరువాతే నేను చెప్పులు విప్పుతాను.

సెలవు.