ఒక అప్పలనాయుడు, మూడు రికార్డులు: సర్వీసులకీ కంపెనీ మ్యాప్‌కీ పొత్తు కుదరాలంటే

హోస్ట్: నమస్కారం అండి. ఈసారి రికార్డింగ్ విజయనగరంలో, గంటస్తంభానికి దగ్గర్లో ఒక మేడ మీద గదిలో. కింద బజారు చప్పుడు కొంచెం వినిపిస్తుంది, సర్దుకోండి. నా ఎదురుగా ఉన్న అక్క ఇరవై ఏళ్లకి పైగా పెద్ద కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్‌గా పనిచేశారు. హైదరాబాద్, పుణే తిరిగి ఇప్పుడు సొంత ఊళ్లో ఇంటి నుంచే పని చేస్తున్నారు. అక్కా, పోయిన వారం ఫోన్లో మీరు ఒక కవరు సంగతి చెప్పారు. దాంతోనే మొదలుపెడదామా?

అతిథి: పెడదాం తమ్ముడూ. నేను పనిచేసిన ఒక ఫైనాన్స్ కంపెనీ అది. ఇన్సూరెన్స్, అప్పులు, డిపాజిట్లు, మూడూ ఉండేవి. మన జిల్లా నుంచే ఒక కస్టమర్. పేరు అప్పలనాయుడు అనుకుందాం. ఆయన ఊరి నుంచి టౌనుకి ఇల్లు మారాడు. లోను వాయిదా కట్టడానికి వెళ్లినప్పుడు కౌంటర్‌లో కొత్త అడ్రస్ ఇచ్చాడు, వాళ్లు ఎక్కించుకున్నారు. ఆయన లెక్కలో కంపెనీకి చెప్పేసినట్టే కదా? కానీ ఇన్సూరెన్స్ ప్రీమియం నోటీసు పాత ఇంటికే వెళ్లింది. ఆ కవరు తిరిగొచ్చాక నేను చేత్తో పట్టుకుని చూశాను. పోస్టుమాన్ ఎర్ర పెన్నుతో ‘లెఫ్ట్’ అని రాసి, కింద తారీకు వేశాడు. అప్పటికి పాలసీ ల్యాప్స్ అయిపోయింది. తరవాత వడ్డీ కట్టించుకుని, మెడికల్ రిపోర్టు అడిగి మళ్లీ నిలబెట్టారు. ఆ మధ్య నెలల్లో ఆయనకి ఏమైనా జరిగి ఉంటే ఆ ఇంటి పరిస్థితి ఏమిటని నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

హోస్ట్: సాఫ్ట్‌వేర్ పనిచెయ్యలేదా?

అతిథి: అన్నీ పనిచేశాయి. కస్టమర్ వివరాలు ఇచ్చే సర్వీసులు, అంటే మిగతా సాఫ్ట్‌వేర్‌లు అడిగితే జవాబిచ్చే ప్రోగ్రాములు, మూడుంటే మూడూ బాగానే ఉన్నాయి. మానిటర్ మీద అన్నీ ఆకుపచ్చే. సమస్య ఏమిటంటే మూడూ మూడు విభాగాలు ఎవరికి వాళ్లు కట్టుకున్నవి. ఇన్సూరెన్స్ వాళ్ల దాంట్లో ‘జి. అప్పలనాయుడు’ అని ఉంది. లోన్ల దాంట్లో ఇంటిపేరు పూర్తిగా, అదీ చివర్న ఉంది, ఎందుకంటే ఆ స్క్రీన్‌లో ‘లాస్ట్ నేమ్’ అనే డబ్బా ఉంది. డిపాజిట్ల దాంట్లో అప్పల వేరు, నాయుడు వేరు, మధ్యలో ఖాళీ. కంప్యూటర్‌కి వాళ్లు ముగ్గురు మనుషులు. మన వైపు ఒక్కో ఊళ్లో ఎంతమంది అప్పలనాయుళ్లు ఉంటారో నీకు తెలుసు కదా. పేరు చూసి కలిపేస్తే వేరే వాళ్ల పాలసీ ఇంకొకరికి అంటుకుంటుంది. కలపకపోతే ఇదిగో, ఇలా జరుగుతుంది.

హోస్ట్: వినేవాళ్లలో ఇప్పుడిప్పుడే ఉద్యోగంలో చేరినవాళ్లు ఉంటారు. సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్, ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్, ఈ రెండూ ఏమిటో ఒకసారి చెప్పండి.

అతిథి: మొదటిది, మనం ఎస్ఓఏ అంటాం. కంపెనీ చేసే ఒక పనిని, ఉదాహరణకి ‘ఈ కస్టమర్ ఎవరు’, ‘ఈ పాలసీకి ఎంత బాకీ’ లాంటి దాన్ని, ఒక్కచోట కట్టి, కావలసిన వాళ్లందరూ ఒకే ఒప్పందం ప్రకారం అడిగి తీసుకునేలా పెట్టడం. ఈ మాట 1996లో గార్ట్‌నర్ అనే ఐటీ పరిశోధన సంస్థ విశ్లేషకుల దగ్గర మొదలైంది. 2000 తరవాత సోప్, డబ్ల్యూఎస్‌డీఎల్ అని సర్వీసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రమాణాలు వచ్చాక అందరికీ పాకింది. రెండోది ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్, అంటే కంపెనీలో ఏ పనులున్నాయి, ఏ సిస్టమ్‌లున్నాయి, అవి ఎలా కలుస్తాయి అన్నది మొత్తం ఒకే మ్యాప్‌గా గీసుకోవడం. అది ఇంకా పాతది. 1987లో జాన్ జాక్‌మన్ ఐబీఎం పత్రికలో రాసిన వ్యాసంతో ఊపందుకుంది. 1995లో ఓపెన్ గ్రూప్ అనే ప్రమాణాల సంస్థ వాళ్ల టోగాఫ్ వచ్చింది, ఆ మ్యాప్ ఎలా గీయాలో చెప్పే పద్ధతి, అమెరికా రక్షణ శాఖ తయారుచేసుకున్న పద్ధతి మీద కట్టినది. టోగాఫ్ ప్రకారం కంపెనీని నాలుగు వైపుల నుంచి చూడాలి. వ్యాపారం, డేటా, అప్లికేషన్లు, టెక్నాలజీ. ఇప్పుడు గమనించు. ఎస్ఓఏని చాలా కంపెనీలు మూడో గదిలో, అప్లికేషన్ల గదిలో మాత్రమే పెట్టి తాళం వేశాయి.

హోస్ట్: అంటే వ్యాపారం వాళ్లతో మాట్లాడలేదు.

అతిథి: మా దాంట్లో ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ టీమ్ ఆరో అంతస్తులో కూర్చుని పెద్ద పెద్ద బొమ్మలు గీసేది. సర్వీసులు కట్టే టీమ్ రెండో అంతస్తు. పై వాళ్ల బొమ్మలో ‘కస్టమర్’ అని ఒకటే డబ్బా. కింద మూడు సర్వీసులు. రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినవాళ్లు లేరు. మెల్విన్ కాన్వే 1968లోనే చెప్పాడు, సంస్థలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో వాళ్లు కట్టే సిస్టమ్ కూడా అదే ఆకారంలో వస్తుందని. మూడు విభాగాలు మాట్లాడుకోకపోతే మూడు సర్వీసులే పుడతాయి. ప్రోగ్రామర్‌ని అని లాభం లేదు.

హోస్ట్: మన ఊరి భాషలో చెప్పాలంటే?

అతిథి: మన పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం తీసుకో. దసరా వెళ్లిన తరవాతి మంగళవారం సిరిమాను ముందు ఏమేమి నడుస్తాయి? పాలధార, బెస్తవారి వల, అంజలి రథం, తెల్ల ఏనుగు. వల ఎలా సిద్ధం చేసుకోవాలో బెస్తవారికి తెలుసు. రథం వాళ్లకి ఆ సంగతి అక్కర్లేదు. ఎవరి పనికి వాళ్లే బాధ్యులు. కానీ ఏది ముందు, ఏది వెనక, చదురు గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఏ దారిన వెళ్లాలి, ఇది ఊరంతటికీ ఒకటే. వల మోసేవాళ్లు ఒక దారిన, రథం ఇంకో దారిన వెళితే ఎవరి పని వాళ్లు బాగా చేసినట్టే, కానీ ఉత్సవం జరగదు. ఎవరి పని వాళ్లది అన్నది సర్వీసు. ఆ వరసా ఆ దారీ ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్. మా కంపెనీలో వరస రాసిన కాగితం ఆరో అంతస్తులో ఉండిపోయింది.

హోస్ట్: మరి మీరు ఎలా సరిచేశారు?

అతిథి: ముందు కేపబిలిటీ మ్యాప్ గీశాం. కంపెనీ ఏమేం చేస్తుంది అని రాసుకోవడమే. ఏ విభాగం చేస్తుంది, ఏ సాఫ్ట్‌వేర్‌తో చేస్తుంది అన్నవి అందులో రాయకూడదు. విభాగాల పేర్లు రెండేళ్లకోసారి మారతాయి. ‘కస్టమర్‌ని గుర్తుపట్టడం’ అనే పని కంపెనీ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. సర్వీసు సరిహద్దులు అలాంటి మారని పనుల వెంబడి గీస్తే అవి కాలం నిలబడతాయి. ఆ తరవాత ప్రతి డబ్బాలోనూ ఇప్పుడు దాన్ని చేస్తున్న సిస్టమ్‌లు ఏవో రాశాం. రెండు మూడు పేర్లు పడిన డబ్బాలు ఎర్రగా రంగు వేశాం. అప్పుడు ఆరో అంతస్తు వాళ్లూ రెండో అంతస్తు వాళ్లూ మొదటిసారి ఒకే గోడ ముందు నిలబడ్డారు.

హోస్ట్: మూడు సర్వీసుల్నీ ఒకటి చేసేశారా?

అతిథి: అక్కడే నేను ఒక పెద్ద తప్పు చెయ్యబోయాను. పేరు విషయంలో సరే, ఒప్పుకున్నారు. మనిషి తన పేరు ఎలా రాసుకుంటాడో అలాగే ఒక డబ్బాలో ఉంచాలి, ఇంటిపేరు విడిగా ఉంటే ఉంచాలి, మనిషిని మాత్రం పేరుతో కాకుండా పాన్ నంబరు, పుట్టినతేదీ, ఫోను కలిపి గుర్తుపట్టాలి. ఇది ఒకటే సర్వీసు, ఒకటే టీమ్ బాధ్యత. అడ్రస్ దగ్గరికి వచ్చేసరికి లోన్ల విభాగంలో ఒక పెద్దాయన ససేమిరా అన్నారు. మొండికేస్తున్నారని అనుకున్నాను. మూడు మీటింగుల తరవాత ఆయన ఓపిగ్గా చెప్పారు, ‘అమ్మా, నాకు అడ్రస్ అంటే తాకట్టు పెట్టిన ఇల్లు ఉన్న చోటు. మనిషి ఇల్లు మారితే అది మారకూడదు’ అని. ఇన్సూరెన్స్ వాళ్లకి అడ్రస్ అంటే ఉత్తరం చేరాల్సిన చోటు. ఒకే మాట, రెండు వస్తువులు. నేను తొందరపడి కలిపి ఉంటే తాకట్టు కాగితాల్లో తప్పుడు ఇల్లు ఎక్కేది.

హోస్ట్: అంటే అన్నీ కలపడం కూడా మంచిది కాదు.

అతిథి: ఏ మాటకి ఏ అర్థం, ఆ అర్థానికి ఎవరు బాధ్యులు అన్నది ముందు తేలాలి. తేలాక కలపాల్సినవి కలుపుతాం, విడిగా ఉండాల్సినవాటికి విడి పేర్లు పెడతాం. ‘ఉత్తరాల అడ్రస్’, ‘తాకట్టు ఆస్తి అడ్రస్’, అంతే. ఈ పని టోగాఫ్ లెక్కలో డేటా వైపుది. సర్వీసు కట్టేవాళ్లు ఒప్పందంలో ఫీల్డు పేరు రాస్తారు, అక్షరాలు ఎన్ని పడతాయో రాస్తారు. దాని అర్థం రాయరు. నా అనుభవంలో గొడవలన్నీ ఆ రాయని అర్థం దగ్గరే.

హోస్ట్: డబ్బు సంగతి కూడా చెప్తానన్నారు.

అతిథి: దాని గురించి పుస్తకాల్లో తక్కువ చెబుతారు, ఆఫీసులో ఎక్కువ ఏడిపించేది అదే. పెద్ద కంపెనీలో బడ్జెట్ ప్రాజెక్టుకి ఇస్తారు. సర్వీసు మాత్రం పది ప్రాజెక్టులకి పనికిరావాలి. మొదట కట్టే ప్రాజెక్టు మేనేజర్ ఏమంటాడు? ‘మిగతా తొమ్మిదింటికీ కావాలని నేనెందుకు రెండు నెలలు ఎక్కువ పెట్టాలి, నా డెడ్‌లైన్ నాది’ అంటాడు. అతని వైపు నుంచి న్యాయమే. అందుకే తనకి సరిపడేంతే కడతాడు. తరవాత వచ్చినవాడికి అది చాలదు, ఇంకొకటి కడతాడు. అలా మూడు అవుతాయి. మేము అందరికీ కావలసిన సర్వీసుల కోసం విడిగా ఒక నిధి పెట్టించాం. ప్రాజెక్టు అయిపోయినా ఆ టీమ్ చెదిరిపోకుండా జీతాలు దాన్నుంచే. ఇది సాధించడానికి మాకు ఏడాది పట్టింది. సాఫ్ట్‌వేర్ రాయడానికి నాలుగు నెలలే.

హోస్ట్: ఈఎస్‌బీ, అంటే ఎంటర్‌ప్రైజ్ సర్వీస్ బస్, దాని గురించి శ్రోతలు చాలామంది అడిగారు.

అతిథి: క్లుప్తంగా చెప్తాను. ఈఎస్‌బీ సందేశాలు అటూ ఇటూ చేరవేసే గొట్టం. వ్యాపార నిబంధనలు దానిలోకి ఎక్కించకండి. ఎక్కిస్తే ప్రతి చిన్న మార్పుకీ కంపెనీ అంతా ఆ ఒక్క టీమ్ ముందు క్యూ కట్టాలి.

హోస్ట్: ఎస్ఓఏ చచ్చిపోయిందని కూడా అన్నారు కదా ఒకప్పుడు.

అతిథి: 2009 జనవరిలో ఆన్ థామస్ మేన్స్ అనే ఐటీ విశ్లేషకురాలు రాశారు, ఎస్ఓఏ అనే మాట చచ్చింది, సర్వీసుల అవసరం బతికే ఉంది అని. చాలామంది మొదటి సగమే చదివారు. ఆవిడ బాధ ఏమిటంటే కంపెనీలు టెక్నాలజీ కొన్నాయి, పని పద్ధతి మార్చుకోలేదు. అంతకుముందు యూడీడీఐ అని సర్వీసులకి టెలిఫోన్ డైరెక్టరీ లాంటిది వచ్చింది. ఐబీఎం, మైక్రోసాఫ్ట్, ఎస్ఏపీ నడిపిన పబ్లిక్ డైరెక్టరీలు 2006లో మూసేశారు. సర్వీసు ఎక్కడుందో తెలిస్తే సరిపోదు, చెడిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియాలి. 2014 నుంచి మైక్రోసర్వీసులు అంటున్నాం. ముక్కలు ఇంకా చిన్నవి, సంఖ్య ఇంకా ఎక్కువ. మ్యాప్ అవసరం అప్పటికంటే ఇప్పుడే ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను.

హోస్ట్: మన రాష్ట్రంలో కూడా ఇలాంటి ప్రయత్నం జరిగింది కదా.

అతిథి: అవును, 2015లో ఈ-ప్రగతి. అసలు దాని ఇంకో పేరే ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్. 33 శాఖలు, 745 సేవలు ఒకే మ్యాప్ మీద చూడాలని అనుకున్నారు. 2018లో కేంద్ర ఐటీ శాఖ దేశం మొత్తానికి ఐఎన్‌డీఈఏ, అంటే ఇండియా ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్, అనే పద్ధతి తెచ్చింది. రేషన్ కార్డు ఒక శాఖ, పెన్షన్ ఒక శాఖ, భూమి పాసుపుస్తకం ఇంకో శాఖ. మనిషి ఒక్కడే. మన అప్పలనాయుడు సమస్యే, రాష్ట్రం సైజులో.

హోస్ట్: కొత్త డిజైన్లు కంపెనీ మ్యాప్‌కి సరిపోతున్నాయో లేదో చూసే ఆర్కిటెక్చర్ రివ్యూ బోర్డులంటే డెవలపర్లకి టెన్షన్. ఎప్పుడూ ‘కుదరదు’ అంటారని.

అతిథి: నేనూ అలాంటి బోర్డులో కూర్చున్నాను. డిజైన్ అంతా అయిపోయాక తెచ్చి చూపిస్తారు. అప్పుడు వద్దంటే నెలల పని వృథా, సరేనంటే మ్యాప్ వృథా. అందుకని మేము ఒక ఆర్కిటెక్ట్‌ని మొదటి రోజు నుంచే టీమ్ పక్కన కూర్చోబెట్టాం. నిబంధన దాటక తప్పనప్పుడు దాటనిచ్చాం, కానీ ఆ మినహాయింపుకి ఒక గడువు తేదీ, ఒక మనిషి పేరు రాయించుకున్నాం. గడువు రాగానే ఆ మనిషికి నేనే ఫోన్ చేసేదాన్ని.

హోస్ట్: చివరిగా ఒక ప్రశ్న. ఇక్కడే ఇంజినీరింగ్ చదువుతున్న ఒక అమ్మాయి పంపింది. ‘పెద్ద కంపెనీ చూడని నాలాంటి వాళ్లు ఇది ఎలా నేర్చుకోవాలి’ అని.

అతిథి: మంచి ప్రశ్న. పలాస మరీ దూరమేమీ కాదు కదమ్మా. తెలిసినవాళ్ల జీడిపప్పు ఫ్యాక్టరీ ఏదైనా ఉంటే ఒకరోజు వెళ్లు. పిక్కలు కొనేచోట కూర్చున్న ఆయన్ని ‘స్టాక్ ఎంత ఉంది’ అని అడుగు. 80 కిలోల బస్తాల్లో చెప్తాడు. తరవాత లోపలికి వెళ్లి సరుకు పంపించే ఆయన్ని అదే మాట అడుగు. ఆయన పప్పు సైజుని బట్టి పెట్టిన గ్రేడుల్లో, డబ్ల్యూ-240 ఇన్ని డబ్బాలు, డబ్ల్యూ-320 ఇన్ని అంటాడు. మధ్యలో ఉడుకుతున్నవి, పగలగొట్టినవి, పొట్టు తీయాల్సినవి ఎవరి లెక్కలో ఉన్నాయో కూడా అడుగు. కొన్నిటికి ఎవరూ జవాబు చెప్పరు. ఎవరు ఏమన్నారో ఒక కాగితం మీద రాసుకో, జవాబు రాని చోట ఖాళీ వదిలెయ్. ఆ కాగితం ఫోటో తీసి ఈ పాడ్‌కాస్ట్ వాళ్లకి పంపు, నాకు ఇస్తారు. ఆ ఖాళీల గురించి మనం ఫోన్లో మాట్లాడుకుందాం.