హరిత విప్లవానికి సేనాపతి ఎవరు?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎండనపడి వచ్చిన విద్యార్థులకు నమస్కారం. అందరినీ పేరుపేరునా తలచుకోవడం మర్యాద. కానీ నాకిచ్చింది పది నిమిషాలు. ఈ ఇంగ్లీషు–అరబిక్ రాజనీతి పదకోశాన్ని ఆవిష్కరించమని పిలిచారు. నిన్న రాత్రే ఒక ప్రతి తెప్పించుకుని చదివాను. అక్కడే వచ్చింది చిక్కు.

'రివల్యూషన్' దగ్గర ఆగిపోయాను. ఎదురుగా 'ఇంఖిలాబ్' అని ఉంది.

నేను హైదరాబాదులో ఉర్దూ వింటూ పెరిగినవాణ్ణి. అరబిక్ నేర్చుకునే రోజుల్లో, మన హరిత విప్లవం మీద వ్యాసమొకటి ఇచ్చి తర్జుమా చేయమన్నారు. ఇంఖిలాబ్ జిందాబాద్ విన్న చెవులు కదా, 'అల్ ఇంఖిలాబ్ అల్ అఖ్దర్' అని దర్జాగా రాశాను. మా గురువుగారిది కైరో. చదివి, కళ్లజోడు తీసి, "ఇంతకీ గద్దెనెక్కిన సేనాపతి ఎవరోయ్?" అన్నారు. ఈనాటి అరబ్బులకు ఇంఖిలాబ్ అంటే సైన్యం అధికారం లాక్కోవడం. విప్లవానికి వాళ్ల మాట 'థౌరా'.

నవ్వండి, పరవాలేదు. కానీ ఇది మార్కులతో పోయే గొడవ కాదు. 1952 జూలైలో ఈజిప్టు సైనికాధికారులు రాజును దించారు. మొదట దాన్ని 'శుభప్రదమైన ఉద్యమం' అన్నారు, థౌరా అన్న పేరు తర్వాత స్థిరపడింది. 2013లో అక్కడి అధ్యక్షుడు మోర్సీని సైన్యం తొలగించినప్పుడు ఆయన వర్గం ఇంఖిలాబ్ అంది, ఎదుటి వర్గం థౌరా అంది. నోట్లోంచి ఏ మాట వచ్చిందో చూసి, మనిషి ఎటువైపో తేల్చేస్తారక్కడ. ఈ కోశం పట్టుకుని వెళ్లే మన పిల్లవాడికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

'జుమ్హూరియత్' తంతూ ఇదే. ఉర్దూలో అది ప్రజాస్వామ్యం. అరబిక్‌లో జుమ్హూరియ్యా అంటే గణతంత్రం. ప్రజాస్వామ్యానికి వాళ్లు గ్రీకు మాటనే 'దీముక్రాతియ్యా'గా ఉంచుకున్నారు. ఇక 'దుస్తూర్' పారసీ నుంచి వెళ్లి అక్కడ రాజ్యాంగమైంది. మన ఇంటికొచ్చి దస్తూరీ అయి, పిల్లల కోడిగీతలను తిట్టడానికి పనికొచ్చింది. సరే, దారి తప్పుతున్నాను.

తహ్తావీ సంగతి చెప్పకుండా దిగను. 1826లో పారిస్ వెళ్లిన ఈజిప్టు పండితుడు రిఫాఆ అల్ తహ్తావీకి 'లిబర్టీ' ఎదురైంది. అరబిక్‌లో 'హుర్' అంటే బానిస కానివాడు. ఆ ఒక్క మాట పడేసి చేతులు దులుపుకోలేదాయన. ఫ్రెంచివాళ్లు స్వేచ్ఛ అంటున్నది మనం న్యాయం, సమధర్మం అనేదే అని పాఠకుడికి విప్పి చెప్పాడు. అలాంటి ఒక్క వాక్యం ఈ కోశంలో వెతికాను. లేదు.

'సెక్యులరిజం' చూడండి. ఆలం అంటే లోకం, దాన్నుంచి వచ్చిందంటే 'అల్మానియ్యా', మన 'లౌకికం' లాగే. ఇల్మ్ అంటే విజ్ఞానం, దాన్నుంచి అంటే 'ఇల్మానియ్యా'. పొట్టి అచ్చులు రాయని లిపి కనుక రెండూ ఒకేలా ఉంటాయి, పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. మన కోశం ఇల్మ్ పక్షాన చేరింది. ఎందుకో చెప్పదు.

చీటీ వచ్చింది, చూశాను. రిబ్బను ఇప్పుడే విప్పను. ముందు వరసలో ఎవరి దగ్గరైనా పెన్సిలుంటే ఇవ్వండి. ఆ ప్రతులు ఇటు తీసుకురండి బాబూ.