డిక్రీ వచ్చింది, తోట రాలేదు: ‘రూల్ ఆఫ్ లా’ పీజీ చదువు ఎందుకు?

[దృశ్యం: కోర్టు వరండా. బెంచీ మీద ఓ పెద్దాయన. ఒళ్లో చీరల కొట్టు కవరు, రెండు మడతలు పెట్టి.]

ఈ కవర్లో చీర లేదండీ. కోర్టు డిక్రీ ఉంది. కోనసీమలో అరవై సెంట్ల కొబ్బరితోట ఈయనదేనని తేలి నాలుగేళ్లయింది. అవతలివాళ్లు అప్పీలు కూడా వేయలేదు. వేయాల్సిన పని లేదు మరి. తోటలో కాయ దింపుకుంటున్నది ఇప్పటికీ వాళ్లే.

నేను ఇక్కడ జూనియర్ అడ్వకేట్‌ని. డిక్రీని అమలు చేయించమని వేసే ఎగ్జిక్యూషన్ పిటిషన్‌ని మేం ఈపీ అంటాం. ఈయన ఈపీ మా సీనియర్ గారి ఆఫీసులోనే ఉంది. మొదటిసారి కోర్టు అమీనా, అంటే కోర్టు ఆర్డర్లు అమలు చేసే ఉద్యోగి, తోటకి వెళ్లాడు, సర్వేయర్ రాలేదు. రెండోసారి సర్వేయర్ వచ్చాడు, కానీ అవతలివాళ్ల ఇంట్లో ఆడవాళ్లు గేటుకి అడ్డంగా కూర్చున్నారు. ‘అబ్‌స్ట్రక్షన్’ అని రిపోర్టు రాసుకుని అమీనా వెనక్కి వచ్చేశాడు. పోలీస్ ఎయిడ్ కోసం ఇంకో పిటిషన్ వేశాం. ఆర్డరు చేతికొచ్చేసరికి గోదావరికి వరద. స్టేషన్‌లో ఉన్న నలుగురూ లంక గ్రామాల బందోబస్తుకి వెళ్లిపోయారు.

పోయిన వాయిదాకి ఆయన నన్ను అడిగారు: “అమ్మా, దీనికన్నా పెద్ద చట్టం ఏదైనా ఉందా?”

[దృశ్యం: లావుపాటి సివిల్ ప్రొసీజర్ కోడ్. పేజీలు తిరుగుతుంటాయి.]

ఉన్న చట్టమే చాలా పెద్దది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 21 అని ఒకటుంది. మొత్తం డిక్రీల అమలు గురించే, నూటికి పైగా రూల్స్. మన దేశంలో కక్షిదారుడి కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని, అప్పట్లో మనకి పై కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1872లోనే వాపోయింది. ఈపీ వేసిన ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. 2025లో అదే కోర్టు దేశమంతటా లెక్క తెప్పించి చూస్తే, పెండింగ్‌లో ఉన్న ఈపీలు 8.8 లక్షల పైచిలుకు.

అంటే కాగితం మీద చట్టానికి లోటు లేదు. కాగితానికీ కొబ్బరిచెట్టుకీ మధ్య ఏం జరుగుతోంది? సరిగ్గా ఇదే ప్రశ్న మీద లా డిగ్రీ తర్వాత చేసే ఒక చదువుంది, ‘రూల్ ఆఫ్ లా’ పీజీ. ఈ వీడియో దాని గురించి.

[దృశ్యం: ధవళేశ్వరం బ్యారేజీ. తర్వాత సన్నటి బోదె. చివర బీటలు వారిన నారుమడి.]

డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడ నీళ్లుంటాయి, లాకులు ఎత్తుతారు. అయినా దాళ్వాలో శివారు భూములకి నీరందదు. అప్పుడు శివారు రైతు ఇంకో ఆనకట్ట కట్టమని అడగడు. గట్టు పట్టుకుని ఎగువకి నడుస్తాడు. గుర్రపుడెక్క ఎక్కడ పట్టేసింది, ఇంజను పెట్టి ఎవరు తోడేస్తున్నారు, ఏ తూము తలుపు విరిగింది, లస్కరు డ్యూటీలో ఉన్నాడా లేడా అని చూసుకుంటూ పోతాడు. చట్టం విషయంలో అలా నడవడం నేర్పే చదువు ఇది.

రూల్ ఆఫ్ లా అనే మాటని గ్రూప్స్‌కి చదివినవాళ్లు ‘సమన్యాయ పాలన’గా బట్టీ పట్టి ఉంటారు. డైసీ అనే ఇంగ్లీషు లా పండితుడు, 1885, చట్టం ముందు అందరూ సమానమే, ఒక మార్కు. పరీక్షకి అది చాలు. కానీ దీన్ని కొలిచేవాళ్లు కూడా ఉన్నారు. వరల్డ్ జస్టిస్ ప్రాజెక్ట్ అనే సంస్థ ప్రభుత్వ అధికారానికి కళ్లెం ఉందా, లంచాలెంత, సివిల్ కోర్టు, క్రిమినల్ కోర్టు ఎలా నడుస్తున్నాయి అంటూ ఎనిమిది అంశాలు చూసి ఏటా ర్యాంకులిస్తుంది. 2024లో 142 దేశాల్లో మనది 79. ర్యాంకుల మీద నాకు మరీ అంత నమ్మకం లేదు. కానీ ఆ ఎనిమిది అంశాల జాబితా పనికొస్తుంది. మన ఊరికి మనమే మార్కులు వేసుకోవచ్చు.

[దృశ్యం: పాత నలుపు తెలుపు క్లాసురూము. బోర్డు మీద సుద్దముక్క.]

ఈ చదువు ఎలా పుట్టిందో చూద్దాం. 1960లలో అమెరికా లా ప్రొఫెసర్లు ఫోర్డ్ ఫౌండేషన్, యూఎస్‌ఎయిడ్ డబ్బుతో ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా దేశాలకి బయల్దేరారు. మా దేశంలో లా కాలేజీలు ఇలా నడుస్తాయి, మీరూ ఇలాగే నడిపితే అభివృద్ధి దానంతటదే వస్తుందన్నారు. రాలేదు. ఆ బృందంలోని డేవిడ్ ట్రూబెక్, మార్క్ గాలంటర్ 1974లో ఒక వ్యాసం రాసి, మేం అనుకున్నది పొరపాటని ఒప్పుకున్నారు. కోర్టులు అందరికీ అందుబాటులో ఉంటాయి, రూల్స్ నిష్పక్షపాతంగా అమలవుతాయి అనే ఊహ మీదే మొత్తం కట్టామని, చాలా దేశాల్లో ఆ పునాదే లేదని అన్నారు. ప్రొఫెసర్లు తప్పు ఒప్పుకోవడం అరుదు కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను.

అభివృద్ధి చెందుతున్న దేశాల న్యాయవాదులకి, అధికారులకి శిక్షణ ఇవ్వడానికి 1983లో రోమ్‌లో ఓ సంస్థ మొదలైంది. ఇప్పుడు దాన్ని ఐడీఎల్‌వో అంటారు. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన విలియం లోరిస్ తర్వాత షికాగోలోని లయోలా యూనివర్సిటీ తరఫున, రోమ్ క్యాంపస్‌లోనే, అచ్చంగా ఈ సబ్జెక్టు మీద ఎల్‌ఎల్‌ఎం, అంటే లా పీజీ, నడిపారు. దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా యూనివర్సిటీ 2000 నుంచి మానవ హక్కులు, ప్రజాస్వామ్యం మీద ఎల్‌ఎల్‌ఎం ఇస్తోంది. అక్కడ ఆఫ్రికా దేశాల విద్యార్థులు మొదట ప్రిటోరియాలో కలిసి చదువుతారు, తర్వాత వేరే దేశాల యూనివర్సిటీలకి విడిపోయి పని చేస్తారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. 2015లో ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 16.3గా ‘అందరికీ న్యాయం అందాలి’ అని చేర్చడంతో ఈ పనికి ఊపు వచ్చింది.

[దృశ్యం: ఊళ్లో రావిచెట్టు అరుగు. ఖాళీ ప్లాస్టిక్ కుర్చీలు.]

క్లాసులో ఏం చెబుతారు? సిలబస్ చదివితే మీరు వీడియో ఆపేస్తారు. అందుకే మన అరుగు మీద కూర్చుని మాట్లాడుకుందాం.

ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా అని ఆంధ్రప్రదేశ్ సవరణ తెచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లో ఉంది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఇరవై ఏళ్లు ముందున్నాం. ఇప్పుడు ఈ అరుగు మీద పంచాయితీ వినండి. చెల్లెలు వాటా అడిగింది. పెద్దమనుషులు ముందు ఇద్దరి దగ్గరా డిపాజిట్ కట్టించుకున్నారు. తర్వాత ఒకాయన మీసం నిమురుకుంటూ, “పసుపు కుంకుమల కింద అప్పుడే ఇచ్చారు కదమ్మా, పుట్టింటి గడప మూసుకుంటావా?” అన్నాడు. ఆ అమ్మాయి డిపాజిట్ వెనక్కి తీసుకోకుండానే లేచి వచ్చేసింది. చట్టాన్ని ఎవరూ కాదనలేదు. ఆ పేరే అక్కడ ఎత్తలేదు, అంతే.

మామూలు ఎల్‌ఎల్‌ఎంలో ఇదంతా ‘చట్టవిరుద్ధం’ అనే ఒక్క మాటతో ముగుస్తుంది. ఈ చదువులో ఇక్కడి నుంచే మొదలవుతుంది. జనం కోర్టుకి వెళ్లకుండా అరుగు దగ్గరికే ఎందుకు వెళ్తున్నారు? దగ్గర కాబట్టా, ఖర్చు తక్కువనా, భయమా? అరుగు మీద ఎవరు కూర్చుంటారు, పేటలోంచి వచ్చినవాడి మాట అక్కడ ఎంత చెల్లుతుంది? అరుగుని కూలగొట్టాలా, బాగు చేయాలా? దీనికి రువాండా ఉదాహరణ చెబుతారు. 1994 మారణహోమం తర్వాత మామూలు కోర్టులతో అయ్యే పని కాదని గచాచా అనే ఊరి పంచాయితీలని తిరిగి తెచ్చారు. ఆ మాటకి అర్థం గడ్డి. గడ్డి మీద కూర్చుని తీర్పు చెప్పేవారన్నమాట. 2012లో మూతపడేలోగా దాదాపు 19 లక్షల కేసులు తేల్చాయి. లాయర్లకి ప్రవేశం లేదు. అంత వేగం ఇంకెలాగూ రాదన్నవాళ్లున్నారు, నిందితుడికి న్యాయమైన విచారణ జరగలేదన్నవాళ్లూ ఉన్నారు. రెండు పక్షాలూ చదివించి, నువ్వైతే ఏం చేసేవాడివో రాయమంటారు.

సియెర్రా లియోన్‌ది ఇంకో దారి. అక్కడ లాయర్లు తక్కువ, ఉన్నవాళ్లలో ఎక్కువమంది రాజధానిలో. అందుకని ఊళ్లలో మామూలు మనుషులకే చట్టం నేర్పి పారాలీగల్స్‌గా పెట్టారు. 2012 లీగల్ ఎయిడ్ చట్టం వాళ్లకి గుర్తింపు కూడా ఇచ్చింది. మనకీ న్యాయ సేవాధికార సంస్థల కింద పారాలీగల్ వాలంటీర్లున్నారు. మీ మండలంలో వాళ్లెవరో మీకు తెలుసా?

[దృశ్యం: వరి చేను. గట్టు మీద సైకిలు, దాని హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా.]

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం చట్టాలు రాయడం. మన కౌలు రైతునే తీసుకోండి. 2011 చట్టం కౌలుదారుకి యజమాని సంతకంతో పని లేకుండా రుణ అర్హత కార్డు ఇచ్చింది. కార్డు పట్టుకుని బ్యాంకుకి వెళ్తే, అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉన్నాడు. ఒకే చేను మీద రెండు లోన్లు ఇవ్వడం కుదరదన్నారు. 2019లో కొత్త చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, కార్డు, పంట మీద మాత్రమే హక్కు. కానీ ఈసారి యజమాని సంతకం కావాలి. యజమాని సంతకం పెట్టడు. రేపు కౌలుదారు చేను వదలడేమోనని భయం, పెట్టుబడి సాయం తన ఖాతాకే రావాలని ఆశ. రెండు చట్టాలూ కౌలు రైతు మంచి కోరి రాసినవే. ఒకదానికి బ్యాంకు మేనేజరు ఎలా ఆలోచిస్తాడో తట్టలేదు, రెండోదానికి భూమి యజమాని ఏం చేస్తాడో తట్టలేదు. ముసాయిదా రాసేటప్పుడే ఒక్కొక్కరి కుర్చీలో కూర్చుని ‘నాకేంటి లాభం, నాకేంటి భయం’ అని అడగడం ఈ క్లాసులో నేర్పుతారు. మన పార్లమెంటు కూడా విదేశీ అధికారులని పిలిచి చట్టాల ముసాయిదా రాయడంలో శిక్షణ ఇస్తుంది. మన వకీళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ.

[దృశ్యం: ఫోన్‌లో అప్లికేషన్ ఫారం.]

ఎలా వెళ్లాలి? త్వరగా చెప్పేస్తాను. ఇక్కడే చదవాలంటే రాష్ట్ర కాలేజీలకి పీజీఎల్‌సెట్, నేషనల్ లా యూనివర్సిటీలకి క్లాట్ పీజీ రాయాలి. ఇదే పేరుతో కోర్సు దొరక్కపోతే రాజ్యాంగ చట్టమో మానవ హక్కులో తీసుకుని, డిసర్టేషన్‌ని ఈ వైపు తిప్పుకోండి. బయటికి వెళ్లాలంటే బ్రిటన్ చెవెనింగ్ స్కాలర్‌షిప్ ఉంది. దానికి రెండేళ్ల పని అనుభవం ఉండాలి, చదువయ్యాక కనీసం రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. ఎస్సీ విద్యార్థులకి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. ఒక్క హెచ్చరిక. ఏడాది ఎల్‌ఎల్‌ఎం మీద బార్ కౌన్సిల్ 2021 జనవరిలో తెచ్చిన నిబంధనలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. లెక్చరర్ ఉద్యోగం మీ లక్ష్యమైతే, ఫీజు కట్టకముందే ప్రస్తుత రూల్ ఏమిటో చూసుకోండి.

నా సలహా మాత్రం ఇది: ఎల్‌ఎల్‌బీ అయిన మర్నాడే వెళ్లొద్దు. మూడేళ్లు ఏదో ఒక మున్సిఫ్ కోర్టులో వాయిదాలకి తిరగండి. లేకపోతే ‘స్టేక్‌హోల్డర్’, ‘కెపాసిటీ బిల్డింగ్’ అనే మాటలు నేర్చుకుని వస్తారు, మన అమీనాకి రోజుకి ఎన్ని వారంట్లు ఇస్తారో తెలియదు. అలా తిరిగొచ్చినవాళ్లని చూశాను. మాట్లాడితే బాగానే ఉంటుంది.

[దృశ్యం: ఆఫీసు బల్ల. తాడు కట్టిన ఫైళ్లు, రూళ్ల నోటుబుక్కు.]

నేను ఇంకా అప్లై చేయలేదు. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రాద్దామని కూర్చుని, ముందు మా ఆఫీసులో ఉన్న ఈపీ ఫైళ్లన్నీ దించాను. ప్రతి వాయిదా ఎందుకు పడిందో డాకెట్ షీట్ చూసి నోటుబుక్కులో రాసుకుంటూ పోయాను. జడ్జి గారు సెలవు అని అక్కడక్కడా ఉంది. అవతలి లాయరు టైం అడిగారని ఇంకొన్ని. కానీ పేజీ తిప్పితే చాలు మళ్లీ మళ్లీ కనపడిన మాటలు రెండే. ‘సర్వేయర్ హాజరు కాలేదు.’ ‘అమీనా రిపోర్టు అందలేదు.’ సర్వేయర్ రెవెన్యూ మనిషి, అమీనా కోర్టు మనిషి. ఇద్దరినీ ఒకే రోజు ఒకే గట్టు మీదకి రప్పించే పని ఎవరిదో ఏ కాగితంలోనూ లేదు.

నిన్న పెద్దాయన వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు చూపించాను. కళ్లజోడు తుడుచుకుని రెండు పేజీలు చదివారు.

“అయితే అమ్మా, నువ్వా చదువు చదివొస్తే సర్వేయర్ వస్తాడాండీ?” అన్నారు, నవ్వుతూ.

“రాడండీ తాతగారూ. ఎందుకు రావట్లేదో మాత్రం పైవాళ్లకి రాసివ్వగలను.”

“ఆయ్. ఎవరికిస్తావు?”

నోటుబుక్కులో ఆఖరి పేజీ ఆ పేర్లకే వదిలాను. మొదటి గీత మీద ‘మండల సర్వేయర్, వారంలో ఏ రోజు ఖాళీ?’ అని రాసి ఉంది. రేపు పొద్దున్న పదింటికి తహసీల్దారు ఆఫీసుకి వెళ్తున్నాను. పెద్దాయన వాయిదా వచ్చే బుధవారం.