ఉప్పు నీరు, నల్ల ఇసుక: సముద్రతీరంలో మెటల్ డిటెక్టర్ ఎందుకు తడబడుతుంది

సభకు నమస్కారం.

2020 నవంబరులో నివర్ తుపాను వెళ్ళిపోయాక, కాకినాడకు దగ్గరలోని ఉప్పాడ తీరంలో జనం గుంపులుగా చేరి ఇసుకలో బంగారు రేణువుల కోసం వెతికిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కోతకు గురవుతున్న ఆ తీరంలో సముద్రం మింగిన ఇళ్ళలోని, గుళ్ళలోని బంగారమే ఒడ్డుకు వస్తోందని స్థానికులు చెబుతారు. ఆ సందర్భంలో నన్ను పలువురు అడిగిన ప్రశ్న ఒక్కటే: అంత అవస్థ ఎందుకు, ఒక మెటల్ డిటెక్టర్ తెచ్చుకుంటే సరిపోదా? సరిపోదు. ఎందుకో వివరిస్తాను.

డిటెక్టరుకు లోహమంటే ఏమిటో తెలియదు. కర్ర చివరనున్న పళ్ళెంలోని తీగచుట్ట, సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మార్చుకునే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. ఆ క్షేత్రం వల్ల లోహంలో సుడి ప్రవాహాలు, అంటే సుడులు తిరిగే విద్యుత్తు, పుడతాయి. వాటినుంచి తిరిగి వచ్చే బలహీనమైన క్షేత్రాన్ని మరో తీగచుట్ట అందుకుంటుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ శరీరంలో దిగిన తూటాను కనిపెట్టడానికి గ్రాహం బెల్ తెచ్చిన పరికరానిదీ ఇదే సూత్రం. అది తూటాను పట్టలేకపోయింది. పరుపులోని లోహపు స్ప్రింగులే అడ్డొచ్చాయని అంటారు. తీరంలో మనకు ఎదురయ్యే చిక్కు కూడా అలాంటిదే, కాకపోతే ఇక్కడ పరుపే సముద్రమంత ఉంటుంది.

ఉప్పు నీరు మంచి విద్యుద్వాహకం కనుక, తడిసిన ఇసుక మొత్తం పలుచని లోహపు రేకులా ప్రవర్తిస్తుంది. దాని సంకేతం చిన్న బంగారు గొలుసు సంకేతాన్ని దాదాపుగా పోలి ఉండటమే అసలు సమస్య: నేల సంకేతాన్ని రద్దుచేసే గ్రౌండ్ బ్యాలెన్స్ మీట తిప్పి ఉప్పును చెరిపేస్తే, సన్నని బంగారం కూడా దానితోపాటే చెరిగిపోతుంది.

నల్ల ఇసుక తీరు వేరు. భీమిలి ఒడ్డున చారలు కట్టే నల్ల ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలు ఉంటాయి. అందులో అయస్కాంతానికి అంటుకునే రేణువులు కొద్దిగా ఉన్నా డిటెక్టరు గగ్గోలు పెడుతుంది. ఉప్పు సంకేతం ఆలస్యంగా వస్తే, వీటి సంకేతం ఆలస్యం లేకుండా వస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే యంత్రం రెండింటిలో ఒకదాన్నే సరిగా రద్దు చేయగలదు. పైగా అలలు తేలికైన ఇసుకను ఈడ్చుకుపోయి బరువైనవాటిని ఒకచోట వదులుతాయి గనుక, నీటికంటే 19 రెట్లు బరువైన బంగారం చేరేది కూడా ఆ నల్లని చారల్లోకే. కావలసిన వస్తువు, కంగారు పెట్టే వస్తువు ఒకే చోట పోగవుతాయన్నమాట.

దీనికి రెండు దారులు కనిపెట్టారు. మొదటిది అనేక ఫ్రీక్వెన్సీలను ఒకేసారి పంపడం: ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఉప్పు సంకేతం బలపడుతుంది, నల్ల ఇసుకది పెద్దగా మారదు, రెండింటినీ పోల్చి యంత్రమే వేరుచేస్తుంది. రెండోది పల్స్ ఇండక్షన్. ఇది విద్యుత్తును ఒక్క దెబ్బలా పంపి ఆపేసి, కొన్ని మైక్రోసెకన్లు ఆగి వింటుంది. ఆలోపు ఉప్పునీటి ప్రవాహాలు అణగిపోతాయి, ఉంగరంలోనివి ఇంకా నడుస్తూనే ఉంటాయి. దీని లోపం, మేకుకూ ఉంగరానికీ తేడా సరిగా చెప్పలేకపోవడం. కాబట్టి వెతికేవారు మేకులు తవ్వి తవ్వి విసిగిపోతారు. నా మట్టుకు నాకు, జనసమ్మర్దమున్న తీరంలో మొదటిదే మేలనిపిస్తుంది.

ఇక ఉప్పాడ సంగతికి వస్తే, ఇసుక రేణువంత బంగారాన్ని తడి ఇసుకలో పై రెండు యంత్రాలూ పట్టలేవు. అక్కడ జనం కళ్ళను, చేతులను నమ్ముకోవడమే సరైన పద్ధతి. పోయిన ఉంగరం కోసమైతే డిటెక్టరు పనికొస్తుంది. సెన్సిటివిటీ తగ్గించి, పళ్ళేన్ని నేలకు ఒకే ఎత్తులో ఉంచి, నీటి అంచుకు సమాంతరంగా నడవాలి. నీటివైపూ ఒడ్డువైపూ అడ్డంగా నడిస్తే, తడి మారినప్పుడల్లా యంత్రం అరుస్తుంది.

గుప్తనిధుల మోజున్నవారికి ఒక మాట. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, నేలలో దాగి ఉన్న 10 రూపాయలకు మించిన విలువైన వస్తువు దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. రక్షిత కట్టడాల ఆవరణలో అనుమతి లేని తవ్వకం నేరం.

ఈ బల్లమీద రెండు ట్రేలున్నాయి. ఒకదానిలో పొడి ఇసుక, రెండోదానిలో అదే ఇసుక సముద్రపు నీటితో తడిపి ఉంది. రెండింటిలోనూ ఒకే లోతులో ఒక్కో ఉంగరం పాతిపెట్టాను. ముందువరుసలోని వారు సెల్‌ఫోన్లు కాస్త దూరంగా పెడితే, యంత్రం ఆన్ చేస్తాను.