ఆజీ స్మిత్: ఆపిన పరుగుల విలువ

అందరికీ నమస్కారం.

సెయింట్ లూయిస్‌లో ఉంటున్నవాళ్లం కాబట్టి బుష్ స్టేడియం బయట ఉన్న కంచు విగ్రహాలను మనలో చాలామంది చూసే ఉంటాం. వాటిలో ఒక విగ్రహం నిలబడి ఉండదు. గ్లవ్ చాచి, నేలకు సమాంతరంగా గాల్లో తేలుతూ ఉంటుంది. అది బేస్‌బాల్ ఆటగాడు ఆజీ స్మిత్‌ది. ఈ సాయంత్రం ఆయన గురించే మాట్లాడతాను.

పంతొమ్మిది సీజన్లు ఆడిన ఆజీ స్మిత్ కొట్టిన హోమ్ రన్లు, అంటే గోడ దాటించే దెబ్బలు, మొత్తం 28. ఒక్క ఏడాదిలోనే అంతకు మించి కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన పనంతా అవతలివాళ్లకు రావాల్సిన పరుగులు రాకుండా చూడటమే. ఆపిన పరుగు స్కోరుబోర్డు మీద కనిపించదు కాబట్టి దానికి విలువ కట్టడం కష్టం. కానీ నా దృష్టిలో ఆపిన పరుగు కొట్టిన పరుగుతో సమానం. ఆజీ కెరీర్ చూస్తే ఆ సంగతి బాగా అర్థమవుతుంది.

ఆజీ ఆడింది షార్ట్‌స్టాప్‌గా. ఆ ఫీల్డర్ రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడతాడు. కుడిచేతి బ్యాటర్లు ఎక్కువమంది కాబట్టి, వాళ్లు లాగి కొట్టిన నేలబంతులు చాలావరకు అటే వస్తాయి. మన క్రికెట్‌లో పాయింట్ ఫీల్డర్ బంతి ఆపితే చాలు, బ్యాటర్ పరుగు వద్దనుకుని క్రీజులోనే ఉండిపోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. బంతి ఫెయిర్‌గా, అంటే మైదానపు గీతల లోపల పడితే కొట్టినవాడు పరిగెత్తి తీరాలి. 90 అడుగుల దూరంలోని మొదటి బేస్ చేరడానికి అతనికి పట్టేది నాలుగు సెకన్లు, కాస్త అటూ ఇటూ. ఆలోపే షార్ట్‌స్టాప్ బంతిని అందుకోవాలి, గ్లవ్‌లోంచి తీయాలి, నూరడుగులకు పైగా సూటిగా విసరాలి. చేతిలో బంతి ఒక్కసారి తడబడితే ఇక అంతే.

ఆజీ 1954లో అలబామాలోని మొబైల్‌లో పుట్టాడు. ఆరేళ్లప్పుడు కుటుంబం లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్‌కు మారింది. అక్కడ ఆయన తనకు తానే ఒక ఆట కనిపెట్టుకున్నాడు. ఇంటి కప్పు మీదుగా బంతిని అవతలికి విసిరి, అది కింద పడేలోగా ఇల్లు చుట్టి పరిగెత్తి పట్టుకోవాలని చూసేవాడు. కోచ్ లేడు, ఖర్చు లేదు. బంతి ఎక్కడ పడుతుందో ముందే ఊహించి కదలడం ఆయనకు అలా అలవాటైందని నాకనిపిస్తుంది.

కాల్ పాలీలో కాలేజీ చదువయ్యాక 1977లో శాన్ డియేగో పాడ్రేస్ జట్టు ఆయన్ని తీసుకుంది. కింది స్థాయి మైనర్ లీగ్‌లో ఒక్క వేసవి ఆడాడో లేదో, మరుసటి ఏడాదే మేజర్ లీగ్‌కు వచ్చేశాడు. 1978 ఏప్రిల్ 20న అట్లాంటా బ్రేవ్స్‌తో ఆట. జెఫ్ బరోస్ కొట్టిన బంతి మధ్యలోంచి దూసుకెళ్తోంది. ఆజీ ఎడమవైపు రెండో బేస్ వెనక్కి డైవ్ చేశాడు. సరిగ్గా అప్పుడే బంతి నేల మీద అడ్డంగా ఎగిరి ఆయన వెనక్కి తిరిగింది. ఒళ్లంతా ఎడమవైపు గాల్లో ఉంది, గ్లవ్ కూడా అటే చాచి ఉంది. అలా ఉండగానే గ్లవ్ లేని కుడిచేతిని వెనక్కి చాచి ఉత్త చేత్తో బంతి పట్టాడు. కింద పడ్డ ఊపులోనే లేచి మొదటి బేస్‌కు విసిరాడు. బ్యాటర్ అవుట్. ఆ వీడియో దొరుకుతుంది, పిల్లలకు చూపించండి. నెమ్మదిగా తిప్పి చూస్తేనే ఆయన ఏం చేశాడో అర్థమవుతుంది.

1980లో ఆయన 621 అసిస్టులు చేశాడు. అంటే ఆయన విసిరిన బంతుల వల్ల అన్ని అవుట్లు వచ్చాయన్నమాట. షార్ట్‌స్టాప్‌లలో ఒక సీజన్‌కు అదే రికార్డు. అయినా పాడ్రేస్ యాజమాన్యంతో జీతం దగ్గర పేచీ తప్పలేదు. ఆయన ఏజెంట్ పేపర్లో పార్ట్‌టైమ్ ఉద్యోగం కావాలని ప్రకటన వేస్తే, ఓనర్ భార్య తోటపని ఇప్పిస్తానందట! అంతటి ఫీల్డర్‌కు అలాంటి మాట ఎదురుకావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. బ్యాటింగ్ బలహీనమన్నది నిజమే. 1981లో సగటు 0.222, అంటే పదిసార్లు బ్యాటింగ్ చేస్తే రెండు హిట్లకు కాస్త పైన.

1982 సీజన్‌కు ముందు గ్యారీ టెంపుల్టన్‌ను ఇచ్చి ఆయన్ని మన ఊరి కార్డినల్స్ తెచ్చుకుంది. మేనేజర్ వైటీ హెర్జోగ్ ఒక పందెం పెట్టాడు: బంతి గాల్లోకి లేపితే నువ్వు నాకో డాలర్, నేల మీద కొడితే నేను నీకో డాలర్. కాళ్లలో వేగం ఉన్నవాడు నేలబంతి కొడితే బేస్ చేరే అవకాశం ఎక్కువ కదా. సీజన్ చివరికి ఆజీకి దాదాపు 300 డాలర్లు వచ్చాయి. ఆ ఏడాదే కార్డినల్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. 1987కల్లా ఆయన సగటు 0.303. ఆ సీజన్‌లో ఒక్క హోమ్ రన్ లేకుండానే లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డు ఓటింగులో రెండో స్థానంలో నిలిచాడు.

ఈ ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే ముందు 1985 అక్టోబర్ 14 గురించే చెబుతారు. డాడ్జర్స్‌తో ప్లేఆఫ్ ఐదో ఆట, తొమ్మిదో ఇన్నింగ్స్, స్కోరు 2-2. ఎడమచేతి వైపు నిలబడి 3,009 సార్లు బ్యాటింగ్ చేసినా అటువైపు నుంచి అంతవరకూ ఆయనకు ఒక్క హోమ్ రన్ కూడా లేదు. టామ్ నీడెన్‌ఫ్యూర్ వేసిన బంతిని గోడ దాటించి ఆట ముగించాడు. గొప్ప క్షణమే, కాదనను.

నాకు మాత్రం అదే ఏడాది జులైలో జరిగింది ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. రన్నర్‌గా ఉన్నప్పుడు మొదటి బేస్‌కు వెనక్కి డైవ్ చేస్తూ ఆయన కుడి భుజానికి దెబ్బ తగిలించుకున్నాడు. నొప్పి తప్పించుకోవడానికి విసిరే తీరు మార్చుకుంటే భుజాన్ని పట్టి ఉంచే రొటేటర్ కఫ్ కండరం చిరిగింది. షార్ట్‌స్టాప్‌కు విసిరే చెయ్యే జీవనాధారం. ఆయన ఆపరేషన్ వద్దనుకుని, బరువులెత్తి చేతికి బలం తెచ్చుకున్నాడు. సంగతి ఎవరికీ చెప్పలేదు. 1980 నుంచి 1992 దాకా ఉత్తమ ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డులు వరసగా 13 వచ్చాయి. అందులో సగానికి పైగా ఆ భుజంతో సంపాదించినవే! చేతిలో జోరు తగ్గితే అడుగు ముందే వేయాలి, బంతిని ఇంకా త్వరగా వదలాలి. ఆయన ఏడేళ్లకు పైగా చేసింది అదే.

చివరి ఏడాది అంత సంతోషంగా గడవలేదు. 1996లో కొత్త మేనేజర్ టోనీ లా రూసా కుర్రవాడైన రాయిస్ క్లేటన్‌కు ఎక్కువ ఆటలు ఇచ్చాడు. ఆజీకీ లా రూసాకీ మధ్య చాలా ఏళ్లు మాటల్లేవు. వయసు నలభై దాటిన ఆటగాణ్ని పక్కన పెట్టడం మేనేజర్‌కు ఉన్న హక్కే. కానీ ఆ సీజన్‌లోనూ ఆజీ 0.282 సగటుతో ఆడాడు కాబట్టి, ఆయన కోపం న్యాయమైనదనే నేనంటాను.

2002లో పేరు ఓటుకు వచ్చిన మొదటిసారే 91.7 శాతం ఓట్లతో బేస్‌బాల్ దిగ్గజాలకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యాడు. ఆ ఏడాది చోటు దక్కింది ఆయన ఒక్కడికే. కెరీర్ మొత్తంలో 8,375 అసిస్టులు. షార్ట్‌స్టాప్‌గా ఆ లెక్కను ఇంతవరకూ ఎవరూ దాటలేదు.

మీరేమైనా అడగాలనుకుంటే అడగండి. లిటిల్ లీగ్‌లో షార్ట్‌స్టాప్ ఆడుతున్న పిల్లలు ముందు అడగాలి.