షుగర్ ఉన్నోడి జేబులో షుగర్

(ప్రపంచ మధుమేహ దినానికి ముందు ఆదివారం హనుమకొండలో, పొద్దున నడకకు వచ్చే మిత్రుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్తే.

ఇందాక నన్ను పరిచయం చేసిన అన్న "సార్‌కు షుగర్ ఉంది, అయినా మారథాన్ ఉరుకుతడు" అన్నాడు. ఆ "అయినా" దగ్గర మీరు చప్పట్లు కొట్టారు. సంతోషమే. కానీ ముందు నా ప్యాంటు జేబులో ఏముందో చూపిస్తాను. ఇదిగో, చిన్న ప్లాస్టిక్ కవరు. ఇందులో గ్లూకోజ్ పొడి, సరిగ్గా 15 గ్రాములు. మా వీధిలో కంసాలి మిత్రుడొకడున్నాడు. ఆదివారం సాయంత్రం ఆయన దుకాణంలో కూర్చుని, బంగారం తూచే కాటా మీద తూచి ఇట్లాంటివి ఇరవై కట్టుకుంటాను. మొదటిసారి ఆయన నవ్వి, "మేడారంలో బెల్లాన్ని బంగారం అంటరు, నువ్వు గ్లూకోజ్‌నే బంగారం చేసినవ్" అన్నాడు.

షుగర్ ఉన్నోడి జేబులో షుగర్ ఏంటని మా అత్తమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఈ పూట నేను చెప్పేదంతా ఆమెకు జవాబే.

నాకు 32 ఏళ్లప్పుడు షుగర్ బయటపడింది. ఆ వయసులో వస్తే అందరూ అనుకునేది టైప్ 2 అనే కదా, గోళీలు రాశారు. ఏడాది గడిచినా ఏ గోళీకీ లొంగలేదు, నేను పన్నెండు కిలోలు తగ్గాను. తర్వాత ఇంకో డాక్టర్ దగ్గర రక్తపరీక్షలు చేయిస్తే ఇది టైప్ 1 అని తేలింది. అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారు కావడమే ఆగిపోతోంది. టైప్ 1 చిన్నపిల్లలకే వస్తుందన్నది సగం నిజం. వసీం అక్రమ్‌కు ముప్ఫై ఏళ్లప్పుడు, 1997లో వచ్చింది. ఇన్సులిన్ తీసుకుంటూనే 2003 దాకా బౌలింగ్ చేశాడు. అదే 1997లో ఇంగ్లండ్ పడవ పందేల వీరుడు స్టీవ్ రెడ్‌గ్రేవ్‌కు కూడా షుగర్ అని తేలింది, ఆయనది టైప్ 2. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆయన తన ఐదో బంగారు పతకం గెలిచాడు. నేను అక్రమ్‌నూ కాదు, రెడ్‌గ్రేవ్‌నూ కాదు. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల సారును. నా ఉరుకుడు నెమ్మది, చాలామంది నన్ను దాటి పోతారు. కాకపోతే ఉరికేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో లెక్క తేల్చుకోవడం నాకు ఇష్టం.

మనం చెరువుల ఊరి వాళ్లం కాబట్టి ఆ లెక్క చెరువు మీదే చెప్తాను. మీ రక్తం ఒక చెరువు. అందులో నీళ్లే చక్కెర. కింద పొలం మీ కండరాలు. పైన గొలుసులో ఇంకో చెరువుంది, అది కాలేయం. కింది చెరువు తగ్గితే పై చెరువు నుంచి నీళ్లు వస్తాయి. పొలానికి నీళ్లు పారాలంటే తూము ఎత్తాలి. ఆ తూము ఎత్తేది ఇన్సులిన్. ఇంతవరకు మీకు డాక్టర్లు చెప్పే ఉంటారు. కానీ పొలానికి రెండో తూము కూడా ఉంది. కండరం గట్టిగా పనిచేస్తే అది దానంతటదే లేస్తుంది, ఇన్సులిన్‌తో పని లేదు. షుగర్ ఉన్నవాళ్లను నడవమనేది అందుకే. నేను నడక దాటి ఉరుకుడు మొదలుపెట్టిన రోజు ఏం చేశానంటే, రోజూ లాగే టిఫిన్ ముందు ఇన్సులిన్ పూర్తి డోసు వేసుకున్నాను. పైగా తొడకు పొడుచుకున్నాను. పొడిచిన కాలితోనే ఉరికితే అక్కడ రక్తం జోరుగా తిరిగి మందు తొందరగా ఎక్కుతుంది. అంటే రెండు తూములూ బార్లా తెరిచి, చెరువు ఎందుకు ఎండిందని అడిగినట్టు.

కేయూ క్రాస్ దగ్గర కాళ్లు తడబడ్డాయి. రోడ్డు పక్క గోడ పట్టుకుని నిలబడ్డాను. చెమటలు, వణుకు, నోట్లో మాట తిరగడం లేదు. పాలు తెచ్చుకుంటున్న ఇద్దరు నన్ను చూసి, "పొద్దుగాల్నే ఏసిండు" అనుకుంటూ పక్క నుంచి పోయారు. వాళ్ల తప్పేం లేదు. షుగర్ పడిపోయినోడు అచ్చం తాగినోడి లాగే ఉంటాడు. కోపం వస్తుంది, మొండికేస్తాడు, "నాకేం కాలేదు" అంటాడు. ఆ రోజు ఆటో డ్రైవర్ ఒకతను సీటు కింద నుంచి కూల్‌డ్రింక్ సీసా తీసి తాగించాడు. ఇప్పుడు నా చేతికి ఈ పట్టీ ఉంటుంది: "నాకు షుగర్ ఉంది, ఇన్సులిన్ వాడతాను. తూలుతుంటే తీపి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి." చివరి ముక్క గుర్తుపెట్టుకోండి. స్పృహ లేనోడి నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మీటరు 70 కంటే తక్కువ చూపిస్తే షుగర్ డౌన్ అయినట్టు. 54 కంటే తక్కువైతే మెదడుకే ఇబ్బంది. 70 కిందికి పోగానే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలు కూర్చుని, మళ్లీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే ఇంకో 15 గ్రాములు. చాలామంది చాక్లెట్ పెట్టుకుంటారు, అది పనికిరాదు. అందులో కొవ్వు ఉంటుంది, చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. ఓఆర్ఎస్ కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే. షుగర్ లేవాలంటే లీటరు నీళ్లు గటగటా తాగాలి! అది చెమటకూ ఉప్పుకూ మంచిది, దాని పని వేరు.

ఇంకో సంగతి. మెదడు మందగించిందని మెదడుకే తెలియదు. అందుకని ఉరికేటప్పుడు రెండు కిలోమీటర్లకోసారి మనసులో పదిహేడో ఎక్కం చదువుకుంటాను. షుగర్ బాగుంటే నీళ్లు తాగినట్టు వస్తుంది. పదిహేడు ఆర్ల దగ్గర ఆగానంటే కాళ్లు కూడా ఆపి మీటరు తీస్తాను. నవ్వకండి, వడ్డేపల్లి కట్ట మీద ఇది నన్ను రెండుసార్లు కాపాడింది. ఎక్కాలు నచ్చకపోతే మనవళ్ల పుట్టినరోజులు చెప్పుకోండి.

అట్లా ఆగిన ఒకరోజు ఏమైందంటే, అనుమానంతో మీటరు తీస్తే 312 చూపించింది. ఒళ్లు చూస్తే వణుకుతోంది. ఇన్సులిన్ పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు వేలు చూసుకున్నాను. అంతకు ముందే ఖర్జూరం తిన్న వేలది, జిగటగా ఉంది. సీసాలో నీళ్లతో కడిగి, తుడిచి, ఇంకో వేలు పొడిస్తే 64. చూడకుండా 312కు మందు వేసుకుని ఉంటే ఈ రోజు మీ ముందు ఇంకెవరో మాట్లాడేవారు. వేలు కడగకుండా వచ్చిన నంబరును నమ్మొద్దు. చేతికి అంటించుకునే సెన్సార్లు వచ్చాయి, మంచివే. కానీ అవి చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింది నీటిని. ఉరికేటప్పుడు అవి పది, పదిహేను నిమిషాలు వెనకబడతాయి. సెన్సార్ 90 అంటూ బాణం కిందికి చూపిస్తే, నా దృష్టిలో అది అప్పటికే 70.

బయల్దేరే ముందు ఎంతుండాలి? నా మటుకు 126 నుంచి 180 మధ్య ఉంటే బూట్లు కట్టుకుంటాను. 90 కంటే తక్కువుంటే ముందు తిని, కాసేపు ఆగుతాను. గంట దాటి ఉరికితే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. ఒక మోస్తరు అరటిపండు పాతిక గ్రాములు అనుకోండి. ఎక్కువ దూరం ఉరికే రోజు ముందు వేసుకునే ఇన్సులిన్ తగ్గించుకోవాలి. ఎంత తగ్గించాలో నేను చెప్పను, నా లెక్క మీకు సరిపోదు. రెండు మూడు నెలల రీడింగులు నోటుబుక్కులో రాసుకుని డాక్టర్ ముందు పెట్టండి. నా డాక్టర్ ఆ పుస్తకం చూసే డోసులు మార్చారు.

250 దాటితే? "ఉరికితే దిగుతది కదా సార్" అంటారు. టైప్ 1 వాళ్లకు అది ప్రమాదం. ఒంట్లో ఇన్సులినే లేకపోతే పొలం ఎండుతోందని పై చెరువు ఆగకుండా నీళ్లు వదులుతూనే ఉంటుంది. చక్కెర ఇంకా పెరుగుతుంది, కీటోన్లు, అంటే చక్కెర వాడుకోలేక ఒళ్లు కొవ్వును కరిగిస్తే వచ్చే ఆమ్లాలు, రక్తంలో పేరుకుంటాయి. అప్పుడు కీటోన్లు చూసుకోవాలి. అవి ఉంటే ఆ రోజు ఉరుకుడు లేదు.

దీనికి పూర్తిగా ఉల్టా అనుభవం హైదరాబాద్ మారథాన్‌లో అయింది. నేను పేరిచ్చింది అందులో సగం దూరానికి, 21.1 కిలోమీటర్లు. లేవగానే 138. పీపుల్స్ ప్లాజా దగ్గర జనం, డప్పులు, మైకులు. లైన్లో నిలబడి చూస్తే 236! తిన్నది ఏమీ లేదు. అది టెన్షన్ షుగర్. గుండె దడకు అడ్రినలిన్ పొంగి పై చెరువు మత్తడి దుంకింది. నేను భయపడి రెండు యూనిట్లు వేసుకున్నాను. ఉరకడం మొదలుపెట్టాక టెన్షన్ పోయింది, మత్తడి ఆగింది, మందు మాత్రం ఒంట్లోనే ఉంది. ఎనిమిదో కిలోమీటరులో ఫ్లైఓవర్ ఎక్కుతూ 58కి పడిపోయాను. మూడు పొట్లాలు మింగి, ఇరవై ఐదు నిమిషాలు రెయిలింగుకు ఆనుకుని కూర్చున్నాను. ఆఖర్లో నడుచుకుంటూ గచ్చిబౌలి చేరాను. మరుసటి ఏడాది అదే చోట 229 చూసి ఏమీ చేయలేదు. మూడో కిలోమీటరుకు 170కి దానంతటదే దిగింది.

పందెం రోజు కంటే ఆ రాత్రి భయం ఎక్కువ. ఎండిన పొలం రాత్రంతా నీళ్లు తాగుతుంది. ఖాళీ అయిన కండరాలు ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజుల దాకా రక్తంలోంచి చక్కెర లాగుతూనే ఉంటాయి. ఒకసారి రాత్రి రెండున్నరకు నా దిండు తడిసిపోయిందని మా ఆవిడ లేపింది. 52 ఉంది. అందుకే పెద్ద ఉరుకుడు రోజు రాత్రి ఇన్సులిన్ తగ్గించుకుని, పాలూ జొన్నరొట్టే తిని పడుకుంటాను. ఇక మనవాళ్లకు ఏ పందెమైనా సాయంత్రం దావత్‌తోనే ముగుస్తుంది. మందు తాగితే కాలేయం దాన్ని విరగ్గొట్టే పనిలో పడుతుంది, పై చెరువు తూము మూసుకుంటుంది. పొలం తాగుతోంది, పైనుంచి రావడం లేదు. పైగా తూలుతుంటే పక్కనోళ్లకు ఏ తేడా తెలియదు. దావత్ మరో వారానికి పెట్టుకోండి.

మీలో ఎక్కువమంది గోళీల మీద ఉన్నారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు నడకలో షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి వేసుకుని, పరగడుపున గంటన్నర నడిచేవాళ్లు మాత్రం జేబులో పొట్లం పెట్టుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి మూత్రంలో చక్కెరను పంపేస్తాయి. వాటితో ఒంట్లో నీరు తగ్గుతుంది. షుగర్ మామూలుగా ఉంటూనే కీటోన్లు పెరిగే ప్రమాదమూ ఉంది. ఉపవాసం ఉండి దూరాలు ఉరికే ఆలోచన ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి. బీపీకి వాడే అటెనొలాల్, మెటోప్రొలాల్ గుండె దడను అణిచేస్తాయి, షుగర్ డౌన్ అయినా దడ తెలియదు. చెమట మాత్రం పడుతుంది. దాన్ని గమనించుకోండి.

ఉరకడం మొదలుపెట్టే ముందు కంటి రెటీనా, గుండె, కిడ్నీ, పాదాల స్పర్శ పరీక్ష చేయించండి. మిగతావి మీకు తెలిసినవే కానీ పాదాల గురించి ఒక మాట. ఇది మాల వేసుకునే కాలం. అయ్యప్ప దీక్షలో 41 రోజులు చెప్పుల్లేకుండా నడుస్తారు. నాకు భక్తి ఉంది, మా తమ్ముడు ఏటా మాల వేస్తాడు. కానీ స్పర్శ పోయిన పాదానికి గాజుముక్క గుచ్చుకున్నా తెలియదు. పుండు పడ్డాక చూసుకుంటారు. పాదాలు మొద్దుబారినవాళ్లు ముందు డాక్టర్‌తో, తర్వాత గురుస్వామితో మాట్లాడండి. గురుస్వాములు అర్థం చేసుకుంటారు, మా తమ్ముడి గురుస్వామి ఒకాయనకు చెప్పులు వేసుకోమన్నారు. బూట్లు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి. నాకు ఒకసారి మా బాబు రబ్బరు దొరికింది.

మే నెలలో మన ఎండ 44 దాటుతుంది. వాడుతున్న ఇన్సులిన్ పెన్నును స్కూటర్ డిక్కీలో వదిలేస్తే మందు చచ్చిపోతుంది, చూడటానికి మాత్రం మామూలుగానే ఉంటుంది. కరెంటు లేని ఊళ్లో ఉంటే కొత్త మట్టికుండలో నీళ్లు పోసి, పెన్నును కవరులో చుట్టి చిన్న గిన్నెలో పెట్టి, ఆ గిన్నెను కుండలో తేలనివ్వండి.

నవంబరు 14 ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల పిల్లాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు ఈ జబ్బొచ్చిన పిల్లలను అన్నం తగ్గించి, తగ్గించి, కొన్నాళ్లు బతికించేవారు. తినొద్దు అన్నదే అప్పటి వైద్యం. మా అత్తమ్మ మాట అక్కడి నుంచే వచ్చిందేమో!

వడ్డేపల్లి కట్ట చివర చాయ్ డబ్బా అతను నా సంగతంతా తెలిసినవాడు. చాయ్‌పత్తి డబ్బా పక్కన ఒక గ్లూకోజ్ ప్యాకెట్ తనే పెట్టుకున్నాడు, నేను అడగలేదు. పోయిన ఆదివారం 18 కిలోమీటర్లు ఉరికి, చెమటతో తడిసి అక్కడ ఆగాను. నన్ను పైకీ కిందికీ చూసి, "సార్, పదిహేడు ఆర్లు ఎంత?" అన్నాడు. నూట రెండు అన్నాను. "గట్లయితే చాయ్‌ల చక్కెర వెయ్య" అన్నాడు.