మాళేగావ్ యాత్రకు లేగను తయారుచేసుడు

అన్నలకు, అక్కలకు, చదువుకునే పిల్లలకు నమస్కారం.

నన్ను మాట్లాడమన్నది లేగదూడ బొచ్చు గురించి. ఇంట్ల మా ఆమె నవ్వింది, "తన తలకు నూనె పెట్టుకోడు గని దూడ బొచ్చు మీద భాషణం ఇస్తడట" అని. నవ్వనియ్యి. దసరా పోయింది, మార్గశిరంల నాందేడ్ జిల్లా మాళేగావ్‌ల ఖండోబా దేవుని యాత్ర. అక్కడి పశుప్రదర్శనకు ఈసారి మన దెగ్లూర్, బిలోలి దిక్కు నుంచి లేగలను తీసుకపోతమని చానమంది అంటున్నరు. ఇప్పుడు చెప్తేనే పనికొస్తది. వారం ముందు అడిగితే చెప్పెటందుకు నా దగ్గర ఏం మిగలదు.

ముందుగాల నా తప్పు చెప్త. మొదటిసారి ఒక ఎర్ర కంధారీ జాతి కోడెదూడను తీసుకపోయిన. పొద్దుగాల బట్టల సబ్బుతోని తోమిన, పల్లినూనె ఒళ్ళంత రుద్దిన. అద్దం లెక్క మెరిసింది. టెంపోల ఎక్కించిన. ముఖేడ్, కంధార్, లోహా దాటేసరికి తొవ్వల దుమ్మంత దాని మీదనే ఉంది. పరీక్ష చేసెటాయన వచ్చి వీపు మీద వేలుతోని ఒక గీత గీసిండు, వేలు చూసుకున్నడు, పక్క దూడ దగ్గరికి పోయిండు. ఒక్క మాట అనలే. తిట్టినా బాగుండు.

ఫోన్లల్ల చూస్తున్నరు కద, అమెరికా పిల్లలు దూడలను రోజూ చన్నీళ్ళతోని తడుపుతరు, బ్లోయరుతోని ఆరబెడ్తరు, బొచ్చు పైకి దువ్వి, మిషనుతోని కత్తిరించి, జిగురు స్ప్రే కొడ్తరు. అవి చలిదేశపు మాంసం జాతులు. బొచ్చు ఒత్తుగ నిలబడితే కాళ్ళు, తొడలు లావుగ కనబడ్తయని ఆ తిప్పలు. మన కంధారీ, దేవణీ జాతులకు ఆ లెక్క పనిచెయ్యది. మన దూడ బొచ్చు పొట్టిగ, సన్నగ, తోలుకు అతుక్కొని ఉండాలె. తోలు పట్టి లాగి విడిస్తే టక్కున వెనుకకు పోవాలె. మనం పెంచేది బొచ్చు కాదు, నిగారింపు. కత్తెర ఇంట్లనే పెట్టుండ్రి.

ఆ నిగారింపు కడుపుల నుంచి వస్తది. కడుపుల పురుగులున్న దూడకు ఎంత దువ్వినా బొచ్చు గరుకుగ, లేచి నిలబడి ఉంటది, పొట్ట కుండ లెక్క ఉంటది. పుట్టిన 10–15 రోజులకు మొదటి పురుగుల మందు, ఆ తర్వాత 6 నెలల దాక నెలకోసారి, బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదుల. ఇంకోటి, రాగి. మేతల రాగి తక్కువైతే ఎర్రదూడ రంగు వెలిసిపోతది, కండ్ల చుట్టు బొచ్చు బూడిదరంగుకు తిరుగుతది, అద్దాలు పెట్టుకున్నట్టు. ఎండకు వెలిసిందని మనం అనుకుంటం. ఖనిజ మిశ్రమం పెడితే కొత్తగ వచ్చే బొచ్చు మల్ల రంగు తేరుతది, గని ఉన్న బొచ్చు మారది. అందుకే ఇన్ని నెలల ముందు చెప్పుడు. ఆత్రానికి రెండింతలు పెట్టొద్దు, రాగి ఎక్కువైతే విషం. వట్టి జొన్న చొప్ప మీదనే ఉంచకుండ పచ్చిగడ్డి, పిడికెడు అవిసె చెక్క చూపెట్టుండ్రి.

కొట్టం సంగతి రెండు మాటలు. పిడుదులు దూడ మీదనే బతుకుతయనుకుంటరు. రక్తం తాగి కిందికి దిగి గోడ సందులల్ల గుడ్లు పెడ్తయి. దూడకు మందు కొట్టి గోడను వదిలేస్తే నెలకు మల్ల అదే కథ. చెవులల్ల, తోక కింద, గంగడోలు మడతలల్ల చెయ్యి పెట్టి వెతకాలె. మెడకు నైలాన్ తాడు కట్టొద్దు, బొచ్చు ఊడి మెడ చుట్టు వలయం పడ్తది, అది ఏ నూనెకు పోదు. మెత్తటి నూలు పలుపు కట్టుండ్రి.

ఇగ ఖరారా, అంటే పశువును రుద్ది దువ్వే పండ్ల బిళ్ళ. మరాఠీ సోపతిగాళ్ళ నుంచి మనకొచ్చిన మాట, పనిగూడ వాళ్ళే మంచిగ చేస్తరు. పూట పూటకు పది నిమిషాలు చాలు. దూడ తడిగ ఉన్నప్పుడు దువ్వొద్దు. ముందు రబ్బరు ఖరారాతోని మెడ, భుజం, పక్కలు, తొడ మీద గుండ్రంగ తిప్పాలె, చచ్చిన బొచ్చు, చుండు పైకి లేస్తది. తుంటి ఎముక మీద, మోకాళ్ళ మీద, ముఖం మీద ఖరారా పెట్టొద్దు, అక్కడ తోలు కింద కండ లేదు, నొప్పి పెడ్తది. తర్వాత బ్రష్షు, బొచ్చు వాలిన దిక్కే. చివరికి పాత ధోతి గుడ్డ. ఆ గుడ్డతోని రుద్దుడు తక్కువ పని అనుకోకుండ్రి. తోలు నుంచి వచ్చే సొంత జిడ్డు బొచ్చు కొసల దాక పాకేది దానితోనే. నేను పల్లినూనెతోని కొనుక్కుందామనుకున్న మెరుపు అదే. సబ్బు ఆ జిడ్డును కడిగి పారేస్తది. గంగడోలు కింద గోకుతుంటే దూడ మెడ చాపి కండ్లు మూస్తది. అట్ల అలవాటైన దూడ జనంల గూడ బెదరది.

స్నానం పదిహేను రోజులకు ఒకసారి చాలు, ఎండ ఎక్కినంక, కుంకుడు రసంతోని. చెవుల నీళ్ళు పోకుండ చూసుకోవాలె. ఇక్కడి డిసెంబరు పొద్దుటి చలిల చన్నీళ్ళు పోస్తే లేగకు నిమోనియా వస్తది. ఎండిన పేడ పెంకును గుంజొద్దు, నానబెట్టి తియ్యాలె. దేవణీల తెల్లటి బాలంక్యా రకం పెంచెటోళ్ళకు ఆ మరకలతోనే ఎక్కువ గోస. రాత్రి కింద పొడి చొప్ప పరుస్తే సగం మరకలు పడనే పడయి. ఒకాయన బట్టల నీలిమందు పెట్టిండు, దూడ ఆకాశం రంగుకొచ్చింది.

కొమ్ములకు రంగు, బేగడ ఎద్దుల పండుగ పోలాకు ముద్దు. పరీక్షల జాతి రంగు చూస్తరు, పూసిన రంగు కాదు.

కంటి చుట్టు గుండ్రంగ బూడిద పొక్కు కట్టిన మచ్చలుంటే అది తామర, మనకు గూడ అంటుతది. ఆ దూడ ఇంటికాడనే ఉండాలె, దాని బ్రష్షు వేరే. 2022ల లంపీ చర్మరోగంతోని పశువుల బజార్లు బందైనయి, మరిచిపోలే కద? టీకా కాయితం జేబుల పెట్టుకొని పోవుండ్రి. ప్రదర్శన ఫారంల మరాఠీ మాటలుంటయి, పెయ్య అయితే కాలవడ్, కోడె అయితే గోర్హా.

ప్రదర్శన పొద్దున తడిగుడ్డతోని ముట్టె, కండ్ల మూలలు తుడువుండ్రి, తోక కుచ్చు విప్పుండ్రి, అంతే. బయట వేపచెట్టుకు నా పెయ్యను కట్టేసిన, మూడు రోజుల నుంచి దువ్వలే, మీ కోసమనే. ఖరారా ముందు ఎవరు పడ్తరు?